ఆపరేషన్ అయిపోయింది. మరి తినడం ఎవరు నేర్పుతారు?

"అరుదైన శస్త్రచికిత్స, చిన్నారికి ప్రాణదానం." ఈ హెడ్డింగ్ మీరు పేపర్లో చాలాసార్లు చూసే ఉంటారు. డాక్టర్లు వరుసగా నిలబడి ఉంటారు. మధ్యలో ఒక తల్లి, ఆమె చేతుల్లో తువ్వాలు చుట్టిన బిడ్డ. కింద చదివితే ఒక్కోసారి మన ఏజెన్సీ మండలం పేరే ఉంటుంది. ఆ వార్తని నేను తప్పుపట్టడం లేదు, ఆ డాక్టర్ల చెయ్యి చల్లగా ఉండాలి. కానీ నాలుగు నెలల తర్వాత ఆ బిడ్డ నోటితో ఏం తింటున్నాడో ఏ పేపరూ రాయదు. మనమూ అడగం. ఆ అడగకపోవడం గురించే ఇది రాస్తున్నా. ముందే చెప్తున్నా, ఇందులో నా తప్పు కూడా ఉంది.

నేను కాకినాడలో డిగ్రీ చదివే రోజులు. హాస్టల్లో ఉన్న మన పిల్లలకి ఇది కొత్త కాదు. "ఫలానా వాళ్ల అబ్బాయి కాకినాడలో చదువుతున్నాడంట" అని మన ఫోన్ నంబరు ఊళ్లు తిరుగుతుంది. ఆసుపత్రికి వచ్చిన ప్రతి ఒక్కరూ బస్టాండులో దిగి మనకే ఫోన్ చేస్తారు. అలా చింతూరు అవతల నుంచి వచ్చిన ఒక అక్క నాకు ఫోన్ చేసింది. మా కోయ వాళ్లే, దూరపు చుట్టరికం. పేరు రాయను. ఆమె బాబుకి అప్పటికి ఏడాదిన్నర దాటింది. అంతవరకు వాడి గొంతులోంచి ఒక్క గుటక కూడా పొట్టలోకి దిగలేదు.

ఆ జబ్బు సంగతి కొంచెం చెప్పాలి. కొందరు పిల్లలకి పుట్టుకతోనే అన్నవాహిక మధ్యలో తెగిపోయి ఉంటుంది. పై ముక్క గుడ్డిసంచిలా ఆగిపోతుంది. కింది ముక్క చాలామందిలో ఊపిరి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. పుట్టిన బిడ్డ నోట్లోంచి నురగ ఆగకుండా వస్తుంది, పాలు పడితే పొలమారి నీలంగా అయిపోతాడు. సుమారు రెండున్నర వేల నుంచి నాలుగున్నర వేల కాన్పుల్లో ఒకరికి ఇలా అవుతుందని వైద్యులు చెప్తారు. ఒకప్పుడు ఇలా పుట్టిన బిడ్డ బతికేవాడే కాదు. 1941లో అమెరికాలోని మిచిగన్‌లో కామెరాన్ హైట్ అనే డాక్టరు మొదటిసారి ఆ రెండు ముక్కల్నీ కలిపి ఒక పాపని బతికించాడు. ఇవాళ వేళకి ఆసుపత్రికి చేరితే చాలామంది బతుకుతున్నారు. వేళకి చేరడం అన్న మాట దగ్గర డోలీ మోసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

రెండు ముక్కల మధ్య దూరం ఎక్కువైతే పుట్టగానే కలపలేరు. ఈ బాబుకి అదే అయింది. పై ముక్కని మెడ పక్కన చిన్న రంధ్రం చేసి బయటికి తెచ్చారు, ఉమ్ము అక్కడినుంచి కారిపోతుంది. పాలు పోయడానికి పొట్టకి గొట్టం పెట్టారు. ఏడాది దాటి, బరువు వచ్చాక రెండో ఆపరేషన్ చేశారు. కడుపు సంచినే పైకి లాగి మెడ దగ్గర కలిపారు. కుట్లు మానాయి. దారి పడింది, ఇంక నోటితో పెట్టొచ్చు అన్నారు. అక్క అదే రోజు స్పూన్‌తో పాలు పట్టింది. వాడు పెదవులు బిగించేసి, మొహం తిప్పేసుకుని, ఒళ్లంతా విల్లులా వంచి ఏడ్చాడు. మర్నాడూ అంతే. వారం తర్వాతా అంతే.

"ఆకలేస్తే వాడే తింటాడు" అన్నారు చుట్టుపక్కలవాళ్లు. నేను కూడా అలాగే అనుకున్నా. మీరూ అలాగే అనుకుంటున్నారేమో.

అది నిజం కాదు. తినడం పుట్టుకతో వచ్చే పని అనుకుంటాం గానీ, చప్పరించడం, పాలు మింగడం వరకే పుట్టుకతో వస్తుంది. నాలుకతో ముద్దని వెనక్కి తొయ్యడం, నమలడం, ఇవన్నీ మొదటి ఏడాదిలో రోజూ చేసి నేర్చుకునేవి. మామూలు బిడ్డ అమ్మ రొమ్ము దగ్గర, ఉగ్గుగిన్నె దగ్గర, నేలమీద దొరికిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటూ నేర్చుకుంటాడు. మనం నేర్పుతున్నామని మనకే తెలియదు. ఈ బిడ్డకి ఆ ఏడాది పోయింది. పైగా వాడి నోటిదాకా వచ్చినవి ఏవి? నురగ లాగే గొట్టం, ఊపిరి గొట్టం, ప్లాస్టరు పీకే చెయ్యి. నోటి దగ్గరికి చెయ్యి వస్తే నొప్పి వస్తుందని వాడు నేర్చుకున్నాడు. గొట్టంతో ఎప్పుడూ పొట్ట నిండుతూనే ఉంటే ఆకలి అంటే ఏమిటో కూడా సరిగా తెలియదు. ఆకలికీ నోటికీ ముడి పడలేదు. ఆ ముడి వెయ్యడమే అసలు పని.

ఇప్పుడు నా తప్పు. డిశ్చార్జి కాగితాల్లో ఒక చీటీ ఉంది. ఇంగ్లీషులో 'స్పీచ్ థెరపీ'కి వెళ్లమని రాసి ఉంది. చదివింది నేను. "మాటలు రావడానికంట అక్కా. ముందు తిండి తిననీ, మాటలు తర్వాత వస్తాయిలే" అన్నాను. ఆమె చీటీ మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టేసింది. రెండు నెలలు అది ఆ కవర్లోనే ఉంది. మన దేశంలో మింగడం నేర్పేది ఆ మాటల డాక్టర్లే అని నాకు తెలియదు. నాలుక, పెదవి, గొంతు మాటకైనా ముద్దకైనా అవే కాబట్టి ఆ పని కూడా వాళ్ల చదువులోనే ఉంటుంది. తర్వాత వేరే పని మీద వెళ్లినప్పుడు ఒకావిడ ఆ చీటీ చూసి, "ఇది తినడం నేర్పడానికి కదా, ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగింది. నాకు నేల చూడాల్సి వచ్చింది. చదువుకున్నవాడినని నమ్మి నా చేతిలో పెట్టిన కాగితం అది.

అందుకే ఇది చదివే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒకటే మాట. వార్డులో మీరు పక్కన ఉన్నప్పుడు, కాగితంలో ఒక్క మాట అర్థం కాకపోయినా "దీంతో ఏం చేస్తారు సార్" అని అడగండి. తెలిసినట్టు తలూపొద్దు. మన భాష సంగతి ఎలాగూ ఉంది. మా కోయలో ఏరు అంటే నీళ్లు. "ఏం పట్టావమ్మా" అని అడిగితే ఆ అక్క "ఏరు" అంది. "ఏటి నీళ్లు పోస్తావా పసిబిడ్డకి?" అని ఆమెని కసిరారు. కాచి చల్లార్చిన నీళ్లే పట్టింది పాపం. ఆ తర్వాత ఆమె ఏం అడిగినా అవును అని తలూపడం మొదలుపెట్టింది. ఇలా తలూపే తల్లిని చూసి "చెప్పినవన్నీ అర్థమయ్యాయి" అని రాసుకుంటారు.

మెడ దగ్గర రంధ్రం ఉన్న ఆ ఏడాది సంగతి కూడా ఇంతే. అప్పుడే నోటితో రోజూ కొంచెం కొంచెం రుచి పెడుతూ ఉండాలి. మింగింది మెడ దగ్గర బయటికి వచ్చేస్తుంది, గుడ్డతో తుడిచెయ్యాలి. అదే సమయంలో పొట్టలో గొట్టంతో పాలు పోస్తే, నోటితో తింటే పొట్ట నిండుతుంది అన్న సంగతి బిడ్డకి తెలిసొస్తుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. అలా అలవాటు చేసిన పిల్లలు రెండో ఆపరేషన్ తర్వాత తొందరగా తింటారు. అక్కకి కూడా పెట్టమనే చెప్పారట, ఎందుకో చెప్పలేదు. నాలుగు రోజులు పెట్టింది. తిన్నది మెడలోంచి కారుతుంటే చూసి ఊళ్లోవాళ్లు భయపడ్డారు, ఏదో సోకిందన్నారు. ఆపేసింది. ఎందుకో తెలిస్తే ఆపేది కాదు. ఆమెది మొండి ప్రాణం, నేను చూశాను కదా.

తర్వాత ఏం చేశారో వివరంగా రాస్తున్నా, ఎందుకంటే ఇలాంటి బిడ్డ మీ ఊళ్లోనూ ఉండొచ్చు. అయితే ప్రతి బిడ్డదీ వేరే లెక్క, వాడిని చూసే డాక్టరు మాటే ఆఖరు.

మాటల డాక్టరమ్మ మొదటి రోజు తిండి మాటే ఎత్తలేదు. స్పూను పక్కన పెట్టించింది. అరచేయి ముట్టుకోవడం, తర్వాత మోచెయ్యి, భుజం, బుగ్గ, వాడు ఒప్పుకున్నాక పెదవి. వారం రోజులు ఆడుకోవడమే. గొట్టంతో పాలు పోసేటప్పుడు పడుకోబెట్టి పోసేది అక్క. ఇకమీదట ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, ఇంట్లో అందరూ అన్నం తినే వేళకే పొయ్యమంది. వాసన తగలాలి, అందరి నోళ్లూ ఆడుతుంటే చూడాలి, అదే సమయానికి పొట్ట నిండాలి. పాలు పోసే వేళలు డాక్టర్లతో మాట్లాడి మార్పించింది, మధ్యలో కాస్త ఆకలి తెలియడానికి. ఇది మాత్రం ఎవరూ సొంతంగా చెయ్యొద్దు. "గొట్టం ఆపేస్తే వాడే తింటాడు" అని ఆపితే బిడ్డ ఎండిపోతాడు.

బలవంతం అసలు వద్దంది. మన వైపు, ఆ మాటకొస్తే కింద డెల్టాలో కూడా, బిడ్డని చాపిన కాళ్లమీద పడుకోబెట్టి, ముక్కు నొక్కి ఉగ్గు పోసే పెద్దవాళ్లు ఉన్నారు. ఏ బిడ్డకీ మంచిది కాదు. ఈ బిడ్డకి అది ప్రాణం మీదకి తెస్తుంది, పోసింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మనకి పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తట్టుకుంటాం. వీడికి పొలమారితే ఆగాలి, నిటారుగా పట్టుకోవాలి, దగ్గు తగ్గేదాకా ఇంకేం పెట్టకూడదు. మళ్లీ మళ్లీ పొలమారుతుంటే, లేదా నిన్నటిదాకా మింగినవాడు ఇవాళ మింగలేక చొల్లు కారుస్తుంటే, కలిపిన చోట సన్నబడి ఉండొచ్చు. అప్పుడు మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దాన్ని వెడల్పు చేసే పద్ధతి వాళ్ల దగ్గర ఉంది.

తిండి కాగితం ఇచ్చారు. ఆపిల్ గుజ్జు, రవ్వ పాయసం, డబ్బా పొడి. అక్క ఆ కాగితం వంక చూసి నవ్వింది. మన ఇళ్లలో చోడి జావ లేదా? మగ్గిన అరటిపండు లేదా? ఉడకబెట్టి మెదిపిన కంద, పెండలం లేవా? వీడు నోరు తెరిచింది ఎక్కడో తెలుసా? ఇంటికెళ్లాక ఒక మధ్యాహ్నం అక్క ఎండుచేపల పులుసుతో అన్నం తింటోంది, వీడు ఒళ్లో ఉన్నాడు. ఆమె చెయ్యి లాక్కుని వేలు నాకాడు. ఆమె హడలిపోయి నాకు ఫోన్ చేసింది, కారం తగిలిందని. నేను మాటల డాక్టరమ్మని అడిగాను, ఈసారి సొంత తెలివి వాడకుండా. ఆవిడ నవ్వింది. "వాడే చెయ్యి లాక్కున్నాడా? అదే కావాల్సింది. కారం తక్కువేసి రోజూ నాకనివ్వండి" అంది. ఏడాదిన్నర పాటు ఏ రుచీ తగలని నాలుకకి పాల తియ్యదనం కన్నా చింతపండు పులుపే ముందు తెలిసిందేమో, నాకు తెలీదు. పులుసు వేలు తర్వాత జావ వేలు, తర్వాత స్పూను కొస.

ఆ ఏడు మామిడి కొత్తకి ఊళ్లో అందరూ తింటుంటే వాడి నాయనమ్మ చిన్న ముక్క తీసుకుని పెదవులకి తాకించి, "తిన్నాడు, వీడూ కొత్త తిన్నాడు" అని గట్టిగా చెప్పింది. కొత్త చెయ్యకుండా కాయ ముట్టని జాతి మనది. మొదటిసారి తినడం ఎంత పెద్ద విషయమో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ ముసలమ్మ బలవంతంగా నోట్లో కుక్కలేదు చూడండి, తాకించి వదిలేసింది. డాక్టరమ్మ చెప్పింది కూడా సరిగ్గా అదే.

ఇక ప్రభుత్వం సంగతి. ఆపరేషన్‌కి డబ్బు కట్టక్కర్లేదు, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ పుణ్యమా అని. అది చిన్న విషయం కాదు. కానీ ఆ పథకాల్లో ఆపరేషన్‌కి ప్యాకేజీ ఉంటుంది, గుటక వెయ్యడం నేర్చుకునే నెలలకి ఏముంది? 2019 డిసెంబర్‌లో ఆరోగ్య ఆసరా అని పెట్టారు. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకి 225 రూపాయలు, నెలకి 5,000 దాకా. ఆలోచన మంచిదే. కానీ ఆ లెక్క పని మానేసిన పెద్దమనిషిని మనసులో పెట్టుకుని వేసింది. ఇక్కడ రోగి విశ్రాంతిలో లేడు, నేర్చుకుంటున్నాడు. కూలి పోతున్నది తల్లికి. రోజుకి ఐదారు సార్లు గొట్టం కడిగి, సిరంజితో పోసి, గంటసేపు ఒళ్లో కూర్చోబెట్టుకునే మనిషి ఉపాధి పనికి ఎప్పుడు వెళ్తుంది? గొట్టం తీసేసేదాకా ఆ తల్లికి ఆసరా ఇవ్వాలి. ఇది నా మొదటి డిమాండు.

2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం తెచ్చింది. పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూసి 30 రకాల సమస్యల్ని ముందే పట్టుకోవాలని. జిల్లాకో సత్వర చికిత్స కేంద్రం, అందులో ఫిజియోథెరపిస్టు, మాటల డాక్టరు కూడా ఉండాలని పథకంలోనే రాసుకున్నారు. ఆ 30లో గ్రహణం మొర్రి ఉంది. తెగిన అన్నవాహిక పేరు లేదు. (గ్రహణం మొర్రి గ్రహణం వల్ల రాదని ఈ సందర్భంగా మీ ఇంట్లో కూడా చెప్పండి.) పేరు లేకపోతే చూడకూడదని కాదు, కానీ పేరు లేని జబ్బుని వెతికేవాళ్లు ఉండరు.

కేంద్రం జిల్లాకి ఒకటి అన్నారు, బాగానే ఉంది. మన జిల్లా ఏది? చింతూరు, కూనవరం, వీఆర్ పురం వైపు వాళ్లం 2014 దాకా ఖమ్మం జిల్లా. తర్వాత తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపినప్పుడు కేంద్రం పాడేరు అయింది, చింతూరు వాళ్లకి అది కాకినాడ కన్నా దగ్గరేమీ కాలేదు. మ్యాపులో గీతలు ఎన్నిసార్లు మారినా గొంతు ఆపరేషన్ అయిన బిడ్డని ఎత్తుకుని మారేడుమిల్లి ఘాట్ దిగి కాకినాడ రావడం మారలేదు. అరగంట నేర్పించుకోవడానికి రానూపోనూ రెండు రోజులు. ఘాట్ మలుపుల్లో బిడ్డ వాంతి చేసుకుంటే, అప్పుడప్పుడే తెరుచుకుంటున్న నోరు మళ్లీ వారం రోజులు మూసుకుంటుంది.

కాబట్టి రెండోది, తల్లిని కాకినాడ రప్పించడం కాదు, మాటల డాక్టరు నెలకి ఒకట్రెండు రోజులు రంపచోడవరం, చింతూరు ఆసుపత్రులకి రావాలి. మధ్యలో వీడియో కాల్‌లో చూడాలి, పక్కన ఆశా కార్యకర్త ఉండాలి. సిరంజిలు, మార్చే గొట్టం పీహెచ్‌సీలో దొరకాలి. అంగన్‌వాడీలో ఈ బిడ్డ బరువు తూచి ఎర్ర గడిలో రాసి, బాలామృతం ప్యాకెట్టు చేతిలో పెట్టి పంపితే సరిపోదు. అది వీడికి ఎంత పల్చగా కాయాలో, గొట్టంలో పోయొచ్చో లేదో చెప్పే మనిషి కావాలి.

"నీళ్లు లేవు, రోడ్లు లేవు, మలేరియా ఉంది, వేలల్లో ఒకరికి వచ్చే జబ్బు గురించి ఇంత రాస్తావా?" అని మన ఉద్యమంలోనే ఒక అన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ మింగడం నేర్పే మనిషి వస్తే ఈ ఒక్క బిడ్డకే కాదు అన్నా. గ్రహణం మొర్రి కుట్టించుకున్న పిల్లలకి, నెల తక్కువగా పుట్టి ముక్కుగొట్టంతో ఇంటికొచ్చిన పిల్లలకి, మెదడు దెబ్బతిని మెడ నిలపలేని పిల్లలకి, పక్షవాతం వచ్చి గుటక పడని ముసలివాళ్లకి, అందరికీ కావాల్సింది ఆ మనిషే. ఇప్పుడు వాళ్లంతా ఇళ్లలో ఉన్నారు. ఎవరి లెక్కలోనూ లేరు.

కాకినాడలో చదువుతున్నవాళ్లారా, పి.ఆర్. కాలేజీలో ఉన్నా, జె.ఎన్.టి.యు.లో ఉన్నా, ఎస్టీ హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలు రాస్తున్నా, మీ వల్ల అయ్యే పని ఒకటుంది. రంగరాయ మెడికల్ కాలేజీలో చదివే మన అన్నలు, అక్కలు ఉంటే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, పొట్టలో గొట్టం ఎలా కడగాలి, ఎలా కూర్చోబెట్టి పెట్టాలి, ఎప్పుడు పరిగెత్తుకు రావాలి అన్నవి కోయలోనూ మామూలు తెలుగులోనూ ఫోన్లో రికార్డు చెయ్యండి. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ చాలు. డాక్టరుకి వినిపించి సరే అన్నాకే పంపండి. కాగితం చదవలేని తల్లి ఆ మెసేజ్ పదిసార్లు వింటుంది. 'స్పీచ్ థెరపీ' అని ఎక్కడ కనిపించినా దాని పక్కన 'మింగడం నేర్చుకోవడానికి' అని తెలుగులో రాయించండి. ఆ రెండు మాటలు లేకే రెండు నెలలు పోయాయి.

మొన్న అక్క ఫోన్ చేసింది. వాడు ఇప్పుడు పూటకి ఆరేడు స్పూన్లు చోడి జావ తాగుతున్నాడు, అరటిపండు మెదిపితే తింటున్నాడు. అన్నం మాత్రం బుగ్గన పెట్టుకుని కూర్చుంటాడట, మింగడు, ఉమ్మడు. గొట్టం ఇంకా ఉంది. బరువు ఇంకో కిలో పెరిగితే తియ్యడం గురించి చూద్దాం అన్నారు. "వచ్చే మంగళవారం కాకినాడ రమ్మన్నారు తమ్ముడూ. పొద్దున బస్సుకి బయల్దేరతాం, నువ్వు బస్టాండుకి వస్తావా?" అంది. వస్తానన్నాను. ఈసారి అడగాల్సినవి కాగితం మీద రాసుకుంటున్నా. మొదటిది, అన్నం బుగ్గన ఎందుకు పెట్టుకుంటున్నాడు?